సోఫాల ఇంట్లో దొర

ఆ కుక్క ఇంట్లోకి వచ్చిన పావుగంటకే ఫ్రిజ్ మీద కాలెత్తింది.

మెడలో తాడు ఇంకా తీయనే లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న కోడలు "ఛీ! ఛీ! అత్తయ్యా, చూడండి దాన్ని!" అని అరిచేలోపే పని అయిపోయింది. ఎంతో కాదు, రెండు చెంచాలు. అవి ఫ్రిజ్ తలుపు మీంచి సన్నగా కారి కింద రబ్బరు అంచులోకి దిగాయి.

"కొత్త చోటు కదే, బెదిరిపోయాడు," అంది అత్తగారు, తుడవడానికి గుడ్డ వెతుక్కుంటూ.

ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి ఆవిడ. చీమూ నెత్తురూ వాంతులూ ఆవిడకి లెక్కలోవి కావు. వార్డులో ముక్కుకి గుడ్డ కట్టుకున్న రోజే లేదని చెప్పుకునేది. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఒక్కతే నడవడం విసుగని, దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటికి వెళ్లి ఈ ఐదేళ్ల మగకుక్కని తెచ్చుకుంది. గోధుమరంగుది. ఒక చెవి నిలువుగా, ఒకటి వాలిపోయి ఉంటుంది.

కోడలు సరిగ్గా ఆవిడకి ఎదురు. సింకులో నిన్నటి మెతుకు కనిపిస్తే ఇవాళ్టి అన్నం సహించదు. ఆమె పని సోఫాలు బాగుచెయ్యడం. ఇంటి ముందుగదే పనిగది. పాత గుడ్డ ఊడదీసి, స్ప్రింగులు బిగించి, కొత్త ఫోమ్ వేసి, కొత్త గుడ్డ తొడుగుతుంది. భర్త వ్యానులో సోఫాలు తెస్తాడు, అయ్యాక దింపివస్తాడు. ఏ సోఫా వచ్చినా ముందు ఆమె ముక్కు పని మొదలుపెడుతుంది. "ఈ ఇంట్లో సిగరెట్లు కాలుస్తారు," అంటుంది. "వీళ్లకి చంటిపిల్ల ఉంది," అంటుంది. ఒక్కసారీ తప్పలేదు.

ఇప్పుడా ముక్కే ఆమెకి శత్రువైంది. రెండోరోజు గ్యాస్ సిలిండరు. మూడోరోజు హాల్లో కర్టెను అంచు, చెప్పుల స్టాండు. నాలుగోరోజు అత్తగారి మంచంకోడు. ఐదోరోజు ఆఖరికి నేల తుడిచే బకెట్టు మీదే. బయట తిప్పుకొచ్చినా సరే, లోపలికొచ్చాక మళ్లీ అన్నీ వాసన చూసుకుంటూ, తన ఆస్తి తను చూసుకుంటున్నట్టు గదిగదీ తిరిగి, నిలువుగా ఏది కనిపిస్తే దానికి ఇంత సంతకం పెట్టేది.

"దొరగారు భూములు కొలుచుకుంటున్నారు," అన్నాడు భర్త నవ్వుతూ. ఆ రోజు నుంచి దాని పేరు దొర అయింది.

కోడలు నవ్వలేదు. ఫినాయిలు పోసింది. బ్లీచింగు పౌడరు చల్లింది. అద్దాలు తుడిచే ఘాటు మందు కొట్టింది. ఇల్లంతా ఈ మూడు వాసనలూ కలిసి, వాటి కిందనుంచి నాలుగోది కూడా వస్తూనే ఉంది. కంచం ముందు కూర్చుంటే మొదటి ముద్దకే చెయ్యి కడిగేసుకునేది. రాత్రి దిండు మీద తలపెడితే దిండులోంచి వస్తోందనిపించేది. లేచి వాసన చూస్తే ఏమీ ఉండేది కాదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడు సీట్ల సోఫా వీపుకి గుడ్డ బిగిస్తోంది. ఆ పనిలో ఒక చెయ్యి గుడ్డ లాగిపట్టడానికీ, ఒకటి సుత్తికీ సరిపోతుంది. అందుకని చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదవుల మధ్యకి తోసుకుంటారు. పెళ్లికి ముందు తండ్రి దగ్గర పని నేర్చుకున్నప్పటి అలవాటు. మేకుల డబ్బా సోఫా కాలు పక్కన, నేల మీద ఉంది. చూడకుండానే చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది.

మేకులు తడిగా ఉన్నాయి.

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఇనుము రుచి ఆమెకి తెలుసు. ఇది ఇనుము కాదు. ఉప్పగా, చేదుగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. నాలుక మీంచి అది ముక్కులోకి ఎక్కేసరికి తెలిసింది. సుత్తి వదిలేసి పెరట్లోకి పరిగెత్తింది. మేకులన్నీ ఉమ్మేసింది. పొద్దున తిన్నదీ, నిన్న తిన్నదీ అంతా కక్కుకుంది. సబ్బునురగతో నోరు కడుక్కుంది. ఉప్పునీళ్లతో పుక్కిలించింది. నాలుకని గోళ్లతో గీకింది. అయినా పళ్ల సందుల్లో ఆ రుచి అక్కడే కూర్చుంది.

లోపలికొచ్చి, కాలి చెప్పు చేతిలోకి తీసుకుంది. దొర మెడ పట్టుకుని మూతిని డబ్బాలో కుక్కి, రెండు వడ్డించింది.

కుక్క పారిపోలేదు. మూలగలేదు. కడుపు నేలకి కరిపించి, కళ్లు గట్టిగా మూసుకుని, మూడో దెబ్బ ఇంకా పడలేదేమిటన్నట్టు పడుకుంది. దాని కింద నుంచి నీళ్లు మడుగు కట్టాయి. ఇది కాలెత్తి పోసింది కాదు. భయానికి పోయింది. దెబ్బలు తినడం దానికి బాగా అలవాటని ఆ పడుకోవడంలోనే తెలిసిపోయింది.

కోడలు చేతిలోని చెప్పు వంక చూసుకుంది. కుక్క మీదున్న రోత ఎక్కడికీ పోలేదు గానీ, తన మీద కూడా అంతే రోత పుట్టింది. చెప్పు విసిరేసి, మళ్లీ వెళ్లి నోరు కడుక్కుంది.

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె మాట సిద్ధంగా ఉంది. "అది ఉండాలో నేనుండాలో తేల్చండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రోజూ కడగలేక చస్తున్నాను."

భర్త తల్లి వంక చూశాడు. అత్తగారు నెమ్మదిగా అంది. "తేల్చేదేముందే, నువ్వే ఉండాలి. కానీ రేపొక్కసారి డాక్టరుకి చూపిద్దాం. రోగమైతే మందుంటుంది, అలవాటైతే మాన్పించే దారుంటుంది. రెండూ లేవంటే నేనే తీసుకెళ్లి దింపొస్తాను. నిన్ను ఇంకో మాట అడగను."

పశువుల డాక్టరమ్మ ముందు దాని మూత్రం పరీక్ష చేయించింది. జబ్బేమీ లేదంది. తరవాత టీకాల పుస్తకం తిరగేసింది. అందులో మూడు పేర్లు రాసి, మూడూ కొట్టేసి ఉన్నాయి.

"మూడిళ్లు తిరిగొచ్చాడన్నమాట. అందరూ ఒకటే రాశారు, ఇల్లు పాడుచేస్తోందని. ఇంట్లో మడుగులు కడుతోందా, కొంచెం కొంచెమా?"

"కొంచెమే. కానీ అన్నిటిమీదా," అంది కోడలు.

"అయితే ఇది ఆపుకోలేక పొయ్యడం కాదమ్మా. ఇది నాదీ అని గుర్తు పెట్టుకోవడం. కొత్త చోట కంగారుకి ఇంకా ఎక్కువ చేస్తాయి. దేంతో కడుగుతున్నారు?"

కోడలు మూడింటి పేర్లూ చెప్పింది.

"ఆ ఘాటంతా మీ ముక్కుకే. దాని ముక్కుకి కింది వాసన అలాగే ఉంటుంది. పైగా అద్దాల మందులో అమోనియా ఉంటే, వేరే కుక్క పోసిందేమో అనుకుని మళ్లీ పోస్తుంది. ఎంజైములున్న మందు రాసిస్తాను, అది ఆ మురికినే తినేస్తుంది. పోసి, నానబెట్టి, దానంతటదే ఆరనివ్వండి. తొందరపడి తుడిచెయ్యకండి." చీటీ రాస్తూనే డాక్టరమ్మ అడిగింది. "కొట్టారా?"

కోడలు కాలి చెప్పుల వంక చూసుకుంది.

"కొడితే మీకు కనబడకుండా చేస్తుందంతే. కొన్నాళ్లు ఇంట్లో కూడా తాడుతో మీ పక్కనే ఉంచుకోండి. వాసన చూస్తూ కాలు లేపబోతే చప్పట్లు కొట్టి బయటికి నడిపించండి. బయట పోస్తే వెంటనే ఏదైనా పెట్టండి. నడుముకి డైపరు పట్టీ కట్టండి. ఆపరేషను కూడా చేయిస్తే మంచిది. దాంతో చాలావాటికి తగ్గుతుంది, అయితే అలవాటు పోవడానికి కొన్ని వారాలు పడుతుంది."

ఆపరేషను మాట వినగానే భర్త మొహం వేలాడేసుకున్నాడు. "పాపం, మగపుట్టుక పుట్టాడు. అంత పని ఎందుకమ్మా?" అన్నాడు ఇంటికొచ్చాక.

"నువ్వు పుట్టిన వారానికి నాకు చేశారు ఆపరేషను," అంది అత్తగారు. "మీ నాన్న గానీ, మీ తాత గానీ పాపం అన్నారేమో కనుక్కో."

అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ శుక్రవారమే అయిపోయింది.

పట్టీ కోడలే కుట్టింది. మందపాటి కాన్వాసు, లోపల చంటిపిల్లల డైపరు ముక్క, పైన అంటుకునే పట్టీ. ఎన్ని వంకర సోఫాలకి గుడ్డ తొడిగిందో, దొర నడుము ఒక లెక్కా? కొలత తీసుకున్నప్పుడు మాత్రం శ్వాస బిగబట్టి, మొహం పక్కకి తిప్పుకుంది. మొత్తం ఐదు కుట్టింది. తడిసినవి విప్పేది అత్తగారు, ఉతికేదీ అత్తగారే. ఆ ఒప్పందం మొదటే జరిగింది.

మూడు వారాలకి వంటిల్లు బాగుపడింది. కర్టెను బతికింది. మంచంకోళ్ల దగ్గర కోడలు వంగి వాసన చూసింది, ఏమీ లేదు. కానీ పనిగదిలోకి వస్తే చాలు, దొరకి పిచ్చి పట్టినట్టయ్యేది. ముక్కు నేలకి రాస్తూ తాడు తెంపుకునేంత లాగేది. పట్టీ రోజుకి రెండుసార్లు తడిసేది. కోడలికి ఎందుకో తెలియలేదు. ఈ గదినీ అదే మందుతో కడిగింది కదా.

ఆ వారం ఒక అపార్ట్‌మెంటు నుంచి క్రీమురంగు సోఫా వచ్చింది. ఆ సోఫాగల మేడమ్ కొత్త గుడ్డ ఎంచుకోవడానికి తన భర్తని వెంటబెట్టుకుని వచ్చి, దొరని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"మా ఇంట్లో కుక్కల్లేవు, పిల్లుల్లేవు. మీ దగ్గర కుక్కుందని తెలిస్తే ఇచ్చేదాన్నే కాదు. చూడండి, అప్పుడే నా సోఫా కంపు కొడుతోంది!"

ఆమె అంటుండగానే దొర సోఫా ఎడమ మూలకి వెళ్లి, ఒక్కచోటే ముక్కు పెట్టి, పట్టీతోనే కాలెత్తింది.

"చూశారా! చూశారా!" అంది మేడమ్.

కోడలు చప్పట్లు కొట్టి, దొరని అత్తగారికి అందించింది. తరవాత తనే ఆ మూల మోకాళ్ల మీద కూర్చుని వాసన చూసింది. ఇన్నాళ్లూ ఇంట్లో ఏ వాసన వచ్చినా దొరదే అనుకుంటూ ఉండిపోయింది గానీ, ఇది తాజాది కాదు. నెలల కిందటిది.

"మేడమ్, మీ ముందే ఊడదీస్తాను, ఉండండి."

మేకులు పీకి, క్రీమురంగు గుడ్డ ఎత్తింది. దాని కింద నీలంరంగు పాత గుడ్డ ఉంది. ఎవరో ఊడదీయకుండా దానిమీదే కొత్తది కప్పేశారు. నీలం గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి పసుపు చారలు, అంచులు నల్లబడి, గట్టి బెరడు కట్టి ఉన్నాయి. ఫోమ్ నొక్కితే జిగురుగా వేలికి అంటింది. వాసన గుప్పుమని గదంతా పరుచుకుంది. మేడమ్ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త కిటికీ దగ్గరికి నడిచాడు. అత్తగారొక్కతే ఆసక్తిగా వంగి చూసి, "పుండు మానకుండానే కట్టు కట్టేశారు," అంది.

"మా ఇంట్లో... నేను చెప్పాను కదా, మాకు కుక్కలు..." మేడమ్ మాట మధ్యలో ఆగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే చెయ్యి భుజం మీదికి పోయింది.

కిటికీ దగ్గరున్న ఆయన ఇటు తిరగకుండానే అన్నాడు. "మీ తమ్ముడు ఆర్నెల్లు ఉండిపోయాడు కదా, వాడి కుక్కతో."

"అది బాల్కనీలో ఉండేది!"

"పగలు," అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక కోడలు గదిలో మిగతా సోఫాల వంక చూసింది. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల ఇళ్లలో పేరుకున్న మురికంతా తనే గుమ్మంలోంచి ఆహ్వానించి, హాలు పక్కనే పెట్టుకుంది. ఒకడి సిగరెట్టు, ఒకడి చెమట, ఒకరి పిల్లి, ఒకరి బిడ్డ. రోజుకొక కొత్త ఇల్లు ఈ గదిలోకి వస్తుంటే, పక్కన ఉన్న కుక్క ఇది నాదని జవాబు చెబుతూనే ఉంది. మూర్ఖపు జవాబే. కానీ ప్రశ్న తన ఇంట్లోంచే వస్తోంది. చేతులు చూసుకుంది. కడుక్కోవడానికి లేచింది. గుమ్మం దగ్గర అత్తగారి పక్కన కూర్చున్న దొర ఆమె వచ్చేదారిలోంచి తప్పుకుని, గోడకి ఒదిగింది.

"కొట్టన్లే," అంది కోడలు దాంతో. అది ఆమె దొరతో తిట్టుకాకుండా మాట్లాడిన మొదటి మాట.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. ఏ సోఫా అయినా ముందు పెరట్లోనే ఊడదీయాలి. పాత గుడ్డ, పాత ఫోమ్ సంచుల్లో కట్టి అటే పంపేయాలి. చెక్కలూ స్ప్రింగులూ మందుతో కడిగి ఎండబెట్టాకే లోపలికి. భర్త సణిగాడు, పెరట్లోకి మొయ్యడానికి నడుం పడిపోతుందని. "అయితే మేకులు మీరు నోట్లో పెట్టుకోండి," అంది కోడలు. మర్నాడు ఆయనే సోఫా పెరట్లో దింపి, తను బాగా ఆలోచించి చేసిన పనిలా చెప్పుకున్నాడు.

పనిగదిలో పట్టీ తడవడం రోజుకొకటికి దిగింది. తరవాత వారానికొకటి. రెండు నెలలకి పట్టీ తీసేశారు. ఎక్కడా పొయ్యలేదు. ఆ తరవాత ఒకేఒక్కసారి, ఆడపడుచు వారం ఉండడానికి వచ్చి సూట్‌కేసు హాల్లో దింపగానే, దొర దాని చక్రం మీద ఇంత వేశాడు. ఆడపడుచు గొంతెత్తబోతే కోడలు మందు సీసా తెచ్చి, కుక్కని బయటికి నడిపించి, చక్రం తడిపి వదిలేసింది. "నువ్వు సూట్‌కేసు గదిలో పెట్టుకోవలసింది, వదినా," అంది. తరవాత మూడుసార్లు చేతులు కడుక్కుంది.

వానాకాలం మొదట్లో అత్తగారికి జ్వరం వచ్చింది. దొరని తిప్పే పని కోడలి మీద పడింది. కొంగు ముక్కుకి చుట్టుకుని, తాడు రెండు వేళ్లతో పట్టుకుని బయల్దేరింది. దొర మొదటి స్తంభం దగ్గర కాలెత్తాడు. రెండో స్తంభం, మూలమీది గేటు, ఆగి ఉన్న స్కూటరు టైరు. ప్రతిచోటా కాసేపు వాసన చూసి, తీరిగ్గా సంతకం పెట్టి, కోడలి చేతి వంక చూశాడు. డాక్టరమ్మ చెప్పినట్టు బిస్కెట్టు ముక్క ఇచ్చింది. దాని నాలుక వేళ్లకి తగిలితే "యాక్" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆరో స్తంభం దగ్గర ఎదురింటి టీచరు ఎదురైంది. "అలవాటైపోయాడా?"

"అసహ్యమేం పోలేదండీ," అంది కోడలు నిజం చెబుతూ. "ఇంట్లో మాత్రం పొయ్యడం లేదు."

దొర ఏడో స్తంభం వైపు లాగాడు. ఇంక రెండు చుక్కలు కూడా మిగల్లేదు. అయినా కాలెత్తాడు. కోడలు మొహం పక్కకి తిప్పుకుని, అయ్యేదాకా నిలబడింది.