నా బల్ల దగ్గరికి రానందుకు

పిల్లలు ఆయనకు పెట్టిన పేరు భూతద్దం మాస్టారు. యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ల్యాబు చూసే మనిషి కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాతవాళ్ళకు అసలు సంగతి తెలుసు. ఇంట్లో భార్య నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసు అందించినా, ఏం పగిలిందోనని వంటింటివైపు తొంగిచూసే రకం ఆయన.

అలాంటి మనిషి నెత్తిన కొత్త హెడ్డుగారు ఓ పద్ధతి తెచ్చిపెట్టారు. ప్రతి ప్రాక్టికల్ క్లాసు చివరా ఐదు నిమిషాలు మిగల్చాలి. ఒక్కొక్కరే లేచి, ఆ రోజు తమ చదువుకు సాయపడిన ఒకరికి, ఫలానా పనికని విడమరిచి కృతజ్ఞత చెప్పాలి. ఊరికే అందరికీ థాంక్స్ అంటే కుదరదు.

"చెప్పమంటే చెప్పేదాన్ని కృతజ్ఞత అంటారా, హాజరు అంటారా?" అని మాస్టారు స్టాఫ్ రూములో గొణిగారు.

పిల్లలు పక్క బల్లవాళ్ళతో సరిపెట్టుకున్నారు. బ్లేడు అరువిచ్చినందుకని ఒకరు, రంగు సీసా మూత తీసిపెట్టినందుకని ఇంకొకరు. కిటికీ పక్కన ఒంటరిగా కూర్చునే ఎడంచేతి అమ్మాయి మాత్రం ప్రతిసారీ మాస్టారికే చెప్పేది. ఆ అమ్మాయి కిందటేడు ప్రాక్టికల్ తప్పి, ఇప్పుడు చిన్నవాళ్ళతో కలిసి మళ్ళీ చేస్తోంది. ఈసారీ మార్కులు తగ్గితే పైక్లాసు ల్యాబులో చోటుండదు. చదువు అక్కడితో సరి. మార్కులు వేసేది మాస్టారు.

"మైక్రోస్కోపు దీపం తగ్గించి చూడమన్నందుకు సార్‌కి థాంక్స్" అంది మొదటి క్లాసులో. తర్వాతి క్లాసులో, "కాండం కోసేటప్పుడు మోచెయ్యి ఒంటికి ఆనించుకోమన్నందుకు" అంది. ఆ మాటలు తను ఎప్పుడన్నారో మాస్టారికి గుర్తులేదు. లేని మంచితనాన్ని అంటగట్టి కాకా పడుతోందని తేల్చుకున్నారు.

ఇంటికి వెళ్ళి భార్యతో అదే చెప్పారు.

"మార్కుల కోసమే. రాసిపెట్టుకో."

"మీకు పొగిడితే అనుమానం, పొగడకపోతే అలక. మీతో వేగడం నావల్లే కావట్లేదు, ఆ పిల్లేం వేగుతుంది?"

"కారణం లేకుండా ఎవరూ దండం పెట్టరే."

"పొద్దున మీరు దేవుడి ముందు కూర్చుని ఆయన చేసినవన్నీ తలుచుకున్నారు. ఆ నోటితోనే మోకాలు నొప్పి తగ్గించమనీ అడిగారు. ఆయన మిమ్మల్నేమీ అనుమానించలేదుగా?"

మాస్టారు అన్నం చల్లారిపోతోందని మాట దాటేశారు.

తర్వాతి క్లాసులో ఓ ఎత్తు వేశారు. అన్ని బల్లల దగ్గరా ఆగారు, కిటికీ బల్ల ఛాయలకు కూడా పోలేదు. ఇవాళ ఏం కల్పిస్తుందో చూద్దామని చివరి ఐదు నిమిషాలకు చెవులు రిక్కించారు.

ఎడంచేతి అమ్మాయి లేచింది. "ఇవాళ సార్ నా బల్ల దగ్గరికి రానందుకు థాంక్స్. వచ్చుంటే చూపించమని అడిగేదాన్ని. రాలేదు కాబట్టి బోలెడు కాండాలు పాడుచేసి, చివరికి నేనే ఒకటి పల్చగా కోశాను."

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. వచ్చినా థాంక్సే, రాకపోయినా థాంక్సే అయితే, ఇది ఎటు వాలినా మార్కుల్లోనే పడే బంతి అనుకున్నారు.

పరీక్ష రోజున స్లైడుల మీద అంకెలే తప్ప పేర్లుండవు. కానీ ఒక స్లైడుకు చీటీ కుడివైపున అంటించి ఉంది. మిగతావాటికి ఎడమవైపున. ఎడంచేత్తో అంటించిన చీటీ కాబట్టి అది ఎవరిదో ఆయనకు తెలిసిపోయింది. కాకాకు లొంగానన్న మాట రాకూడదని రెండోసారి చూశారు, మూడోసారీ చూశారు. అంచున చిన్న గాలి బుడగ దొరికింది. మూడు మార్కులు కోశారు. పాసు గీతకు ఒక మార్కు తక్కువ పడింది.

రెండో పరీక్షకురాలు నాచు మేడమ్. చెరువుల్లో పెరిగే నాచు మీద పాఠాలు చెబుతుంది కాబట్టి ఆ పేరు. సంతకం పెట్టబోయి ఆగింది.

"ఈ బుడగకి మూడు మార్కులా మాస్టారూ? ఇందాకటి స్లైడులో బుడగలు చేపల తొట్టిలా ఉంటే ఒక్కటేగా కోశారు?"

"ఇది ఆ ఎడంచేతి అమ్మాయిది. నన్ను మంచి చేసుకోవాలని చూస్తోంది."

"అయితే మీరు మార్కులు వేసింది కాండానికా, థాంక్స్‌కా?"

మాస్టారు లేచి వరండాలోకి వచ్చారు. అక్కడి తొట్టి దగ్గర ఆ అమ్మాయి గాజుపలకలు కడుగుతోంది. అడగకూడదనుకుంటూనే అడిగేశారు.

"నిజం చెప్పమ్మా. ప్రతిసారీ నాకే ఎందుకు చెప్తావు? మార్కుల కోసమేనా?"

ఆమె చేతులు తుడుచుకుంది. "కొంచెం అదీ ఉంది సార్. పైగా నాకు ఈ క్లాసులో ఎవరూ తెలీదు, మీరొక్కరే మాట్లాడేవారు. మొదట్లో ఏదో ఒకటి చెప్పి కూర్చుందామనుకున్నా. ఊరికే అబద్ధం ఎందుకులే అని, ఏం చెప్పాలా అని క్లాసు మొదలైనప్పటి నుంచీ మిమ్మల్నే గమనించేదాన్ని. పక్క బల్ల వాళ్ళకి మీరు చెప్పేవి కూడా వినేదాన్ని. అలా చూస్తూ చూస్తూ కోయడం వచ్చేసింది."

"అంటే మోచెయ్యి సంగతి..."

"పక్క బల్ల అబ్బాయికి చెప్పారు సార్. పనికొచ్చింది నాకు."

మాస్టారు లోపలికి వెళ్ళి స్లైడు నాచు మేడమ్ ముందుకు జరిపారు. "దీనికి మీరు వెయ్యండి. నా కన్ను దీని దగ్గర సరిగా పనిచెయ్యడం లేదు." అని వెళ్ళి కిటికీవైపు తిరిగి నిలబడ్డారు.

ఆవిడ చాలాసేపు చూసింది. బుడగకు ఒక మార్కు తీసింది. కాండం ముక్క ఒక పక్క ఏటవాలుగా తెగిందని ఇంకో అర మార్కు తీసింది. ఏటవాలు సంగతి మాస్టారు చూడనేలేదు. బుడగ దొరకగానే వెతకడం ఆపేశారు మరి. అంతా కోశాక కూడా ఆ అమ్మాయి పాసు గీతకు అర మార్కు పైనే నిలిచింది.

మార్కులు బోర్డు మీద పెట్టిన సాయంత్రం ఆమె స్టాఫ్ రూము గుమ్మంలోకి వచ్చింది. కృతజ్ఞత చెబుతుందని మాస్టారు నిటారుగా కూర్చున్నారు.

"సార్, ఏటవాలుగా తెగిందని మేడమ్ అన్నారు. ఎక్కడో చూపిస్తారా?"

ఇది కూడా నన్ను మెప్పించడానికేనేమో అన్న ఆలోచన అలవాటుగా వచ్చింది. ఆ ఆలోచనను వెళ్ళగొట్టలేదు, దాన్ని కూర్చోమనీ అనలేదు. మైక్రోస్కోపు మీది గుడ్డ తీసి, స్లైడు పెట్టి, ముందు తను వంగి వెతకసాగారు.

"ఉండమ్మా" అన్నారు. "నాకూ ఇంకా కనబడలేదు."