నమూనా కన్ను

వార్డుబాయ్ గాజు లెన్సును కుళాయి కింద కడిగి మెత్తటి గుడ్డ మీద బోర్లించాడు. తల నెరిసినా కంటాసుపత్రిలో అందరికీ వాడు బాయే. వాడి కళ్ళలో ఒక నల్లగుడ్డు నల్లగానే ఉంది. రెండోది బూడిద రంగుకి తిరిగింది. ఆ బూడిద కన్నే వాడి హోదా.

లోపలి వాపొకటి, నొప్పీ ఎరుపూ లేకుండా ఏళ్ళ తరబడి ఆ ఒక్క కంట్లోనే కాపురం పెట్టింది. గుడ్డులోంచి రాలిన రంగు, కంటి నీరు బయటికి పోయే జల్లెడలో పేరుకుంటోందని పెద్ద డాక్టరు ఏటా కొత్త విద్యార్థులకు చూపిస్తాడు. కంటికి ఆ గాజు లెన్సు ఆనిస్తే గాని ఆ జల్లెడ కనబడదు. ఆ పూట బాయ్ స్టూలెక్కి దొరలా కూర్చుంటాడు. మిగతా ఏడాదంతా అదే స్టూలు తుడుస్తాడు.

ఆ పొద్దున ఇంటి గుమ్మంలో భార్య అడ్డం పడింది.

"చుక్కలేసుకున్నావా?"

"ఇవాళ క్లాసే. మందేస్తే ఆ రంగు కొట్టుకుపోద్ది. పిల్లలకేం చూపిస్తారు?"

"పోయినేడూ ఇదే కూత. అవి కంట్లో ఒత్తిడికిచ్చారయ్యా, రంగుకి కాదు. చూపు పోతే?"

"ఆసుపత్రిలో ఉండేది నువ్వా, నేనా?"

ఇన్నేళ్ళు అక్కడ నేల తుడిచి వాడు సంపాదించిన జ్ఞానం అదీ.

విద్యార్థులు వరసకట్టారు. ఒక్కొక్కరే వంగి చూసి, "మంచి కేసు సార్," అన్నారు. వాడి ఛాతీ ఉబ్బింది. కంట్లో ఒత్తిడెంతో కొలవాలని ఆ తెల్లకోట్ల మందలో ఒక్కరికీ తోచలేదు. చివరి అమ్మాయి మాత్రం వాడి మంచి కన్ను మూసింది.

"ఎన్ని వేళ్ళు, అంకుల్?"

"ముందు చెయ్యి పెట్టమ్మా."

"పెట్టే ఉంచాను."

పెద్ద డాక్టరు టార్చి వేసి చూశాడు. "చుక్కలు వాడట్లేదేంట్రా?"

"రంగు పోతుందని, సార్."

"కంటి నరం చచ్చింది. ఇంక మందులు దండగ." డాక్టరు విద్యార్థుల వైపు తిరిగాడు. "వచ్చేసారికి చూపున్న కేసు వెతకండయ్యా."

వాడు స్టూలు దిగి, దాన్ని తుడిచి, లెన్సు కడిగి బోర్లించి వెళ్ళాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎవరూ వెతకలేదు. కొత్త బాయ్ వచ్చాడు, వాడికి మనవడున్నాడు.

అలమార దులుపుతుంటే లెన్సుల పెట్టె వెనక కొత్త బాయ్ చేతికి ఓ చుక్కల మందు సీసా తగిలింది. నిండుగా ఉంది. మూత సీలు ఊడలేదు.