ప్యూర్టో వయార్టాకు ఏడు చీరలు

సుగుణ పెట్టె నేనే సర్దాను. ఏడు రోజుల ప్రయాణానికి ఏడు చీరలు, ఏడు బీపీ మాత్రలు. ఎనిమిదోది పెడితే ఎనిమిదో రోజూ ఉండిపోతుందేమోనని నా భయం. నేను సాగనంపినవాళ్లలో చాలామంది మళ్లీ నా గుమ్మం తొక్కలేదు. నాకు మిగిలింది ఈ చెల్లెలొక్కతే. కెనడాలో, కాల్గరీలో ఆమె ఇంట్లోనే ఉంటున్నాను.

"అమ్మమ్మా, ఒక్కటి ఎక్స్‌ట్రా పెట్టండి. ఫ్లైట్ లేటయితే?" అంది ధాత్రి. బేస్‌మెంట్‌లో అద్దెకుండే నలుగురు స్టూడెంట్లలో ఒకతె, కరీంనగర్ పిల్ల. మెక్సికోలోని ప్యూర్టో వయార్టాకు టికెట్ చవగ్గా ఉందని సుగుణకు చూపించింది ఈవిడే.

"లేటవదు," అన్నాను.

నేను బడికి పోలేదు. పొట్లం కాగితాలు చూసి చదువు నేర్చుకున్నాను. ఆ ఊరి గురించిన లైబ్రరీ పుస్తకం కూడబలుక్కుని చదివి, సుగుణను ఆపడానికి పనికొచ్చేవన్నీ రాసిపెట్టుకున్నాను.

"ఊరి నడుమ క్వాలే అనే ఏరుంది. 2021 ఆగస్టు తుఫానుకు పొంగిందట."

"ఇది ఫిబ్రవరి కదక్కా."

"వెనకంతా కొండలు. ఒకప్పుడు పడవ మీదో కంచరగాడిద మీదో పోవాల్సిందే, రోడ్డు లేదు."

"నేను గాడిదెక్కనులే."

ధాత్రి దుప్పట్లో మొహం దాచుకుని నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చింది.

"అసలు అది సరదాల ఊరే కాదు. రాళ్లలోంచి వెండి తీయడానికి కొండల్లోని గనులకు ఉప్పు కావాలి. 1851లో ఒకాయన పడవలో ఉప్పు తెచ్చి అక్కడ దిగాడు. అప్పుడు దాని పేరు లాస్ పేన్యాస్. ఇప్పటి పేరు 1918లో పెట్టారు."

సుగుణ చేతిలో చీర అలాగే ఉండిపోయింది. మా నాన్న చినగంజాం ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. ఆయనకు రోజూ అన్నం తీసుకెళ్లింది సుగుణే.

"ఉప్పుతో పుట్టిన ఊరా? ముందే చెప్పవేం?"

చేజేతులా చేసుకున్నానని అప్పుడు తెలిసింది.

ఐదో రోజు వీడియో కాల్ చేసింది. వెనక నీలంగా సముద్రం.

"అక్కా, పొద్దున తిమింగలాన్ని చూశా. మన బేస్‌మెంట్ అంత ఉంది."

"మాత్రలెన్ని మిగిలాయి?"

"ఇక్కడ వీధికో మందుల షాపు. కొనుక్కున్నాలే."

"ఎన్ని?"

"మూడు నెలలకి."

నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

"మోకాళ్ల నొప్పి పోయిందక్కా. ఏటి పక్కన మేడ మీద ఒక గది చూశా. నువ్వూ వచ్చెయ్."

"నాకు విమానమంటే భయమని నీకు తెలుసు. ఒకసారి ఎక్కి ఇక్కడికొచ్చిందే చాలు. అయినా ఈ పిల్లలకు ఎవరు వండుతారు?"

"వాళ్లకి చేతుల్లేవా?"

ధాత్రి ఫోన్‌లోకి తల దూర్చింది. "ఉన్నయ్ ఆంటీ. పప్పే మాడుతుంది."

సుగుణ పడీపడీ నవ్వింది. కాల్గరీలో ఉన్న పదేళ్లలో అది అలా నవ్వగా నేను చూడలేదు. తిరిగి రమ్మనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "గదికి గాలీ వెలుతురూ ఉన్నాయా?" అని మాత్రం అడిగాను.

2023 మార్చి 1న సుగుణ తిరిగి రావాలి. రాలేదు. ఆ తరవాతా రాలేదు.