సందు లేని పెట్టె

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎన్నడూ కంప్యూటర్ విడిభాగాలు కొనడానికి వెళ్లి ఉండడు. వెళ్లుంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తగిలించేవాడు. ఇల్లయితే గోడ ఏదో గుమ్మం ఏదో కంటికి కనబడుతుంది. పెళ్లయితే, బెడిసికొట్టినప్పుడు తిట్టుకోవడానికి మధ్యవర్తి అయినా ఉంటాడు. ముక్కముక్కలుగా కొని సొంతంగా బిగించుకుందామనుకున్నవాళ్లకి ఏదీ కనబడదు, ఎవరూ దొరకరు. సలహాలు మాత్రం కోకొల్లలు.

వడ్రంగి మేస్త్రిగారి పెద్దమ్మాయి సరిగ్గా ఆ సలహాల ఊబిలోనే కూరుకుపోయింది. ఆమె ఒక ప్రింటింగ్ ప్రెస్సులో సబ్బు రేపర్లకీ అగరొత్తుల డబ్బాలకీ బొమ్మలు వేస్తుంది. ప్రెస్సులో ఉన్న కంప్యూటర్ ఒక పెద్ద బొమ్మ తెరవమంటే తెరిచేలోపు కునుకు తీసేది. ఈమధ్య ఒక సబ్బుల కంపెనీవాళ్లు ఆమె పని చూసి ముచ్చటపడ్డారు. "మీకు సొంత మెషీన్ ఉంటే చెప్పండి, మా రేపర్లన్నీ మీకే ఇస్తాం" అన్నారు. ఇన్నాళ్లకు ఎవరో తన చేతిపనిని తన పేరు మీద అడిగారని ఆమె వారంపాటు నేలమీద నడవలేదు.

ఖర్చులో సగం తమ్ముడు వేసుకుంటానన్నాడు. వాడు మందుల షాపులో పనిచేస్తాడు. ఇంటికొస్తే ఫోన్లో కార్ల రేసులే లోకం. పగలు అక్క బొమ్మలకి, సాయంత్రాలు తమ్ముడి రేసులకి అని ఒప్పందం కుదిరింది. కొనాల్సింది ఏమిటన్నదే కుదరలేదు.

ప్రాసెసర్ మెదడు లాంటిది, దానిమీదే డబ్బు పెట్టాలని ప్రెస్సు యజమాని అల్లుడు చెప్పాడు. మెదడుతో బొమ్మలేస్తారా, గ్రాఫిక్స్ కార్డే అసలు చెయ్యి, మిగతావన్నీ దాని చాకిరీకే అని తమ్ముడి స్నేహితుడు అన్నాడు. వీడియోలో ఒకాయన ర్యామ్ ఎంతుంటే అంత మంచిదన్నాడు. అదే ఆయన తర్వాతి వీడియోలో ఎక్కువ ర్యామ్ కొనేవాడంత తెలివితక్కువవాడు లేడన్నాడు. పెద్దమ్మాయి రెండూ పూర్తిగా చూసి, రెండింటికీ తలూపి, తలపట్టుకుని కూర్చుంది.

"వంకాయలయితే పుచ్చు చూసుకుంటాం. దీనికి ఏం చూసుకోవాలే?" అని అమ్మ అడిగింది.

"ఏది కొన్నా, పక్కది కొనాల్సిందే అనిపిస్తుందమ్మా. అదే దీని పుచ్చు."

ఇంత గందరగోళంలోనూ ఎవరూ సలహా ఇవ్వాల్సిన పనిలేకుండా తేలిపోయింది ఒకటుంది. అది ముక్కలన్నిటినీ బిగించుకునే పెట్టె. దాన్ని షాపులో క్యాబినెట్ అంటారు. పెద్దమ్మాయి దాని ధర పైకి చదువుతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న మేస్త్రి ఇటు తిరిగాడు.

"ఒట్టి రేకు డబ్బాకా అంత? నేనుండగా పెట్టె బయట కొంటారేమిట్రా?"

అని లేచి, పనిముట్ల పెట్టె తాళం చెవి ఎక్కడుందని అడిగాడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఎందుకంటే ఆ తాళం తీసి ఏడాది దాటింది. మేస్త్రి నిచ్చెన మీంచి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ వేళ్లలో వణుకు ఉండిపోయింది. "ఈ చెయ్యి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు" అని తానే తీర్పు చెప్పుకుని, ఉలీ రంపం లోపలపెట్టి తాళం వేసేశాడు. అప్పట్నుంచి కిటికీ, ఆయన, ఎదురింటి గోడ. ఆ గోడలో ఏముందో ఆయనకే తెలియాలి.

మేస్త్రికి ఊళ్లో 'సందుల్లేని మేస్త్రి' అని పేరు. చెక్కకు చెక్క అతికాడంటే అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. పని అప్పగించే రోజున జేబులోంచి ఒక కాగితం తీసి ఇంటివాళ్ల చేతికిచ్చి, "ఎక్కడైనా దూర్చి చూడండి. దూరితే కూలి వద్దు" అనేవాడు. ఎవరికీ దూర్చే అదృష్టం పట్టలేదు.

ఆ మనిషి మళ్లీ చిత్రిక పట్టిన రోజున, చెక్కపొట్టు వాసన ఇల్లంతా కమ్ముకున్న రోజున, అమ్మ పని ఉన్నా లేకపోయినా ఆ గది ముందునుంచి అటూ ఇటూ తిరిగింది. పెద్దమ్మాయి మదర్‌బోర్డు కొలతలిచ్చింది. మదర్‌బోర్డంటే ముక్కలన్నీ వచ్చి కూర్చునే పలక. ఏ కంపెనీది కొన్నా ఆ సైజులో అంతే ఉంటుందట. ఈ మొత్తం వ్యవహారంలో మేస్త్రికి నచ్చిన మాట అదొక్కటే.

పెట్టె సగమయ్యాక పెద్దమ్మాయి విడిభాగాల షాపుకి వెళ్లింది. షాపు నడిపేది ఒక నడివయసావిడ. కళ్లజోడు తలమీదకు తోసుకుని ఓపిగ్గా అన్నీ విన్నది.

"నీ పనికీ మీ తమ్ముడి ఆటలకీ ఈ కార్డు సరిపోతుంది. మరి క్యాబినెట్?"

"మా నాన్న చేస్తున్నారండీ. చెక్కతో. ఎక్కడా సందు లేకుండా."

ఆవిడ కళ్లజోడు కిందకి దిగింది. "సందు లేకుండానా? ఇవన్నీ పొయ్యిలమ్మా! పనిచేసినంతసేపూ కాగుతూనే ఉంటాయి. ముందునుంచి చల్లగాలి లోపలికి రావాలి, వెనకనుంచి వేడిగాలి బయటికి పోవాలి. దారి లేకపోతే ఉడికిపోయి దానంతటదే ఆగిపోతుంది."

ఇంటికి వెళ్లగానే చెప్పేయాలనుకుంది పెద్దమ్మాయి. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి మేస్త్రి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు. బల్లమీద పెట్టె మెరుస్తోంది. ఆయన గెడ్డం నిండా పొట్టు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు.

"దూర్చి చూడు."

ఆమె నాలుగు మూలలా దూర్చి చూసింది. వెనక తీగల కోసం వదిలిన చోట కూడా తీగ పట్టేంతే ఉంది, చీమకు చోటులేదు. కాగితం అంచు నలిగింది గానీ దూరలేదు. మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వు చూసి ఏడాదయింది. పేర్చుకున్న మాటలన్నీ పెద్దమ్మాయి గొంతులోనే కూలబడ్డాయి.

ఇప్పుడు చూడండి ఆమె అవస్థ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే, వణికే చేత్తో చేసిన తొలి పనినే తప్పుపట్టినట్టు. మళ్లీ తాళం, మళ్లీ కిటికీ. చెప్పకపోతే కంప్యూటర్ ఉడుకుతుంది. ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కిపోయాక ఒక దివ్యమైన ఉపాయం తట్టింది. దివ్యమైన ఉపాయాలన్నీ కొంప ముంచేవే అని వేరే చెప్పాలా? బలమైన ముక్కలే కదా వేడెక్కేది. బలం తక్కువవి కొంటే సరి!

అక్కడినుంచి బేరం తిరగబడింది. లోకంలో అందరూ ఏది ఎక్కువ పనిచేస్తుందని అడుగుతారు. ఈమె ఏది తక్కువ పనిచేస్తుందని అడగడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ చిన్నదయింది. కార్డు చిన్నదయింది. అది ఎంచుకుంటే ఇది ఎక్కువవుతోంది, ఇది తగ్గిస్తే అది దండగవుతోంది. రాత్రి అనుకున్నది పొద్దున్నకి తప్పనిపించేది.

తమ్ముడికి మతిపోయింది. "అక్కా, నీకేమైనా అయిందా? ఈ కార్డుతో రేసు ఆడితే కారు దిగి తోసుకోవాలి!"

"కరెంటు ఆదా అవుతుందిరా."

"మనం కొనేది ఫ్రిజ్జా?"

షాపులో ఆ చిన్న కార్డున్న కంప్యూటర్ మీద ఆమె తన సబ్బు రేపర్ ఒకటి తెరిపించి చూసింది. బొమ్మ ముక్కలు ముక్కలుగా, మొహమాటపడుతూ వచ్చింది. అచ్చం ప్రెస్సులో ఉన్నదానికి చెల్లెలు. "దీంతో ఆ కంపెనీ పని అవ్వదమ్మా" అని కొట్టావిడ మొహంమీదే చెప్పేసింది. సబ్బులవాళ్లు ఫోన్ చేసి ఎప్పుడు మొదలుపెడతారని అడిగితే, "వచ్చేవారం" అంది. తనకు కంప్యూటర్ కావాలా అక్కర్లేదా అన్నది ఆమెకే అంతుబట్టడం మానేసింది. తండ్రి నవ్వు ఒక్కటే స్పష్టంగా ఉంది. దానికోసం ఎంత పోగొట్టుకుంటున్నదీ లెక్క చూసుకోవడానికి భయపడింది.

ముక్కలు కొనే రోజు మేస్త్రి కూడా బయల్దేరాడు. వద్దని చెప్పడానికి కారణం దొరకలేదు. ఉతికిన దుప్పట్లో పెట్టెను చుట్టుకుని, పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు గుండెలకానించుకుని వచ్చాడు. షాపు బల్లమీద పెట్టి దుప్పటి విప్పగానే కొట్టావిడ "అబ్బ!" అంది. చేత్తో నిమిరింది. మేస్త్రి కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ ప్రయత్నించి ఓడిపోయింది.

"బాబాయ్‌గారూ, ఇలాంటి పని నేనెక్కడా చూడలేదు" అంది మనస్ఫూర్తిగా. అని ఊరుకుంటే బాగుండేది. "ఇంత గట్టిగా మూసిన పెట్టె కాబట్టే మీ అమ్మాయి వేడెక్కనివి చూసి చూసి చిన్నవి ఎంచుకుంది. తన పనికి చాలవని చెప్పినా వినలేదు. ఇప్పుడర్థమైంది, గాలికి సందులు పెట్టమని మీతో చెప్పడానికి మనసొప్పలేదు పాపం."

మేస్త్రికి వెంటనే అర్థంకాలేదు. కూతురి వైపు చూశాడు. ఆమె అక్కడున్న తీగల చుట్టను శ్రద్ధగా చూస్తోంది. కొడుకు వైపు చూశాడు. వాడు నోరు తెరిచి అక్కనే చూస్తున్నాడు. అప్పుడు ఆయన పెట్టెను మళ్లీ దుప్పట్లో చుట్టాడు. చుట్టేటప్పుడు వేళ్లు మామూలుకన్నా ఎక్కువ వణికాయి.

"పదండి ఇంటికి" అన్నాడు.

ఇంటికి రాగానే పనిగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అమ్మ సంగతి విని "ఎంత పని చేశావే!" అంది. చెప్పనందుకో, కొట్టావిడచేత చెప్పించినందుకో తేల్చలేదు. పెద్దమ్మాయి తలుపు బయట నిలబడింది. లోపల చప్పుడు లేదు. పనిముట్ల పెట్టె మూత పడుతుందేమో, తాళం తిరుగుతుందేమో అని చెవులు రిక్కించింది. ఉండబట్టలేక తలుపు తోసింది.

మేస్త్రి పెట్టె ముందు పెన్సిలుతో నిలబడి ఉన్నాడు.

"గాలి ఎటునుంచి రావాలి?" అన్నాడు ఇటు తిరక్కుండా.

"నాన్నా..."

"ఎటునుంచమ్మా?"

"ముందునుంచి. వెనకనుంచి పోవాలి."

ఆయన గీత గీశాడు. అది వంకర పోయింది. చెరిపి మళ్లీ గీశాడు. "నీ కంప్యూటర్ కోసం నేను పెట్టె చేశానా, నా పెట్టె కోసం నువ్వు కంప్యూటర్ కొంటున్నావా? చెప్పు. నా చెయ్యి పోయిందనుకున్నానే గాని, నా బుద్ధి పోయిందని నువ్వనుకుంటున్నావని తెలీదు నాకు. తప్పుంటే తప్పని చెప్పాలి గానీ, జాలిపడతావా? వాళ్లు నిన్ను వెతుక్కుంటూ వచ్చి పని ఇస్తే దాన్ని తీసుకెళ్లి నా పెట్టెలో పూడుస్తావా?"

"మళ్లీ తాళం వేసేస్తావేమోనని భయమేసింది నాన్నా" అని ఆమె ఏడ్చేసింది.

మేస్త్రి దగ్గర తిట్లు ఇంకా మిగిలున్నాయి గానీ వాటికి చోటు దొరకలేదు. "ఏడుపు తర్వాత. ఇటొచ్చి పట్టుకో" అన్నాడు.

చిన్నప్పుడు ఆయన కోస్తుంటే చెక్క కదలకుండా పట్టుకునేది తనే. రెండు అరచేతులూ ఆనించింది. బరమాతో బెజ్జం వేసి, సన్న రంపం దూర్చి, ఆయన తన జన్మలో తొలిసారి కావాలని సందు కోశాడు. ఒకటి తిన్నగా వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని మధ్యలో చెయ్యి వణికి రంపం పక్కకి పోయింది. ఆ చీలిక మిగతావాటికన్నా వెడల్పయి వంకర తిరిగింది. మేస్త్రి రంపం దించి దానివైపే చూస్తూ ఉండిపోయాడు. పెద్దమ్మాయి చేతులు తియ్యలేదు. చాలాసేపయ్యాక ఆయన నాలుగోది మొదలుపెట్టాడు.

తర్వాతి సెలవురోజు పెద్ద కార్డే వచ్చింది, దానికి తగ్గ ప్రాసెసరూ, గాలి లాగే ఫ్యాన్లూ వచ్చాయి. అక్కాతమ్ముళ్లు వీడియో చూస్తూ, ఒకళ్లనొకళ్లు కసురుకుంటూ బిగించారు. రెండు మరలు మిగిలాయి. అవి ఎక్కడివో ఎవరికీ తెలియలేదు. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తమ్ముడి మొహం పాలిపోయింది, అక్క వీడియో మొదట్నుంచీ పెట్టింది. గోడకున్న స్విచ్చి వెయ్యలేదని అమ్మ వచ్చి చెప్పింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర వెలిగింది. సబ్బు రేపర్ తెరిస్తే ఆకులూ అక్షరాలూ అంతా ఒక్కసారిగా వచ్చి నిలబడింది. తమ్ముడు ఈలవేశాడు. పెద్దమ్మాయికి మాత్రం నమ్మకం చాలక మూసి, మళ్లీ తెరిచింది.

మేస్త్రికి తెరతో పనిలేదు. ఆయన పెట్టె ముందు గొంతుకూర్చుని చీలికల దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. జేబులోంచి కాగితం తీసి, అలవాటుగా కూతురికి ఇచ్చాడు.

"దూర్చి చూడు."

ఆమె చీలికల ముందుకు తెచ్చేసరికి గాలి లాగింది. కాగితం ఆమె చేతిలోంచి పోయి పెట్టెకు అతుక్కుంది. దాని మూల ఒకటి ఆ వంకర చీలికలోంచి లోపలికి దూరి పటపటా కొట్టుకుంది.

"ఫ్యాన్లో పడుతుంది, తియ్యండి తియ్యండి!" అని తమ్ముడు కేకపెట్టాడు.

మేస్త్రి కాగితాన్ని తీశాడు. వణుకుతున్న వేళ్లతోనే దాన్ని సాపుచేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దూరింది కదా. కూలి వద్దులే" అన్నాడు.