ఫోను లేని గదిలో గడియారం

ఆ గదిలోకి ఫోను రాకూడదు, చేతి గడియారం రాకూడదు, ఇంటర్నెట్ అసలే రాకూడదు. ఇంజినీరు ఒకసారి బయటికి వెళ్ళాడంటే మళ్ళీ అనుమతి దొరికేసరికి ఆ పూట కాస్తా హుష్‌కాకి.

ఆ రోజు అతని పని రెండు సర్వర్లను కలపడం. పక్క గదిలో పాతది, ఇక్కడ తను పొద్దున పెట్టిన కొత్తది. కొత్తది ఏం పంపినా పాతది చెల్లదంటుంది. ఎందుకు చెల్లదో చెప్పి చావదు. కేబుళ్ళు మార్చాడు, సెట్టింగులన్నీ చెరిపి మళ్ళీ పెట్టాడు. పక్క గది ఆపరేటరమ్మకు కాపలా మనిషితో కబురంపాడు. ఆవిడ రావడానికీ అనుమతి కావాలట. అతనికి ఒళ్ళు మండిపోయింది.

నాలుగింటికి కూతురి బడిలో వక్తృత్వ పోటీ మరి. నత్తి ఉన్న పిల్ల మొదటిసారి మైకు ముందు నిలబడబోతోంది, అందరికంటే ముందు దాని పేరే. "నువ్వు ముందు వరసలో కూర్చుంటేనే మాట్లాడతాను నాన్నా" అని మాట తీసుకుంది. బడి వెనక వీధిలోనే ఉంది. ఈ ఒక్కటీ చూసి లేద్దాం, ఈ ఒక్కటీ చూసి లేద్దాం అనుకుంటూనే ఉన్నాడు. తలెత్తి చూస్తే గోడ గడియారంలో నాలుగుంపావు.

ఇంకేం పోతాడు? తనను తాను తిట్టుకుని, ఆ కసంతా కీబోర్డు మీద తీర్చుకున్నాడు.

చాలాసేపటికి ఆపరేటరమ్మ వచ్చింది. మీ మిషను ఇంకా కాని టైము వేసి పంపుతోందండీ, అందుకే మాది తిప్పికొడుతోంది అని చెప్పింది. అతను తెల్లబోయాడు. పొద్దున టైము పెట్టింది ఆ గోడ గడియారం చూసే.

కాపలా మనిషి నసిగాడు. "అరగంట ముందుకు తిప్పి పెట్టుకున్నాను సార్. లేకపోతే మీ ఇంజినీర్లు టైముకి లేవరు, నా బస్సు పోతుంది."

టైము సరిచేయగానే పాత సర్వరు బుద్ధిగా బదులిచ్చింది. అతనికి ఏడుపొచ్చింది. ఇందాక ఆశ వదులుకుని చతికిలబడినప్పుడు ఇంకా నాలుగే కాలేదు. మెల్లగా నడిచి వెళ్ళినా అందుకునేవాడు.

పరుగున వెళ్ళేసరికి హాల్లో కుర్చీలు మడిచేస్తున్నారు. పిల్ల మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. మాట్లాడావా అమ్మా అని అడిగాడు.

"టీ... టీచరుని అడిగి నా పేరు ఆఖర్న పెట్టించుకున్నాను నాన్నా, నువ్వొస్తావని," అంది. "ఆఖరు కూడా అయిపోయింది."