ఒకరోజు ముందొచ్చే అడుగులు

పాస్టర్ ఐకాండె సోమవారం లుసాకాలో ఉంటుంది, మంగళవారం కాబ్వేలో, గురువారం మా ఎండోలాలో, శనివారం కిట్వేలో. మిగతా వేళల్లో బస్సులో నిద్రపోతూ ఉంటుంది. కపిరి దగ్గర బస్సాగితే లేచి, కిటికీలోంచి ఉడికించిన గుడ్లు కొని, పక్క సీటువాళ్ళకి పెట్టి, వాళ్ళ కష్టాలన్నీ విని మళ్ళీ నిద్రపోతుంది. పుట్టింది టాంజానియాలో, కిలిమంజారో కొండ పక్కన. మిషన్ నడపడానికి జాంబియా వచ్చి ఆరేళ్ళయింది. మా బెంబా భాషని ఇప్పటికీ కాళ్ళూ చేతులూ విరిచి మాట్లాడుతుంది. ఆమె చేతికింద పదకొండు చర్చీలు, అందులో ఐదింటికి పైకప్పు లేదు. ఆమె వచ్చిన రోజు మాత్రం ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఎడమ చెప్పు పట్టీ తెగితే కరెంటు తీగతో కట్టుకుంది. అందుకే ఆమె నడిస్తే టప్పు, జర్రు, టప్పు, జర్రు అని వినిపిస్తుంది. ఆడవాళ్ళంతా కలిసి మూడుసార్లు కొత్త చెప్పులు కొనిపెట్టారు. మూడు జతలూ బస్సులో పరిచయమైన ఎవరెవరి కాళ్ళకో వెళ్ళిపోయాయి.

ఆ అడుగులు ఆమెకన్నా ఒకరోజు ముందొస్తాయి. బుధవారం పొద్దున మా మసాలా పేటలో (పేరుకే మసాలా, కూరలో పడేది ఉప్పూ టమాటా) రోడ్డు మీద ఆమె ఉండదు గానీ టప్పు, జర్రు వినిపిస్తుంది. కుక్కలు లేచి దారిస్తాయి. బస్సులవాళ్ళు చెప్పే టైముని నమ్మలేం, అడుగుల్ని నమ్మొచ్చు. రేపు బస్సు ఆలస్యమైతే ఈరోజు అడుగులు కూడా అంతే ఆలస్యంగా వస్తాయి. అవి ఏ ఇంట్లోకి వెళ్తే ఆ ఇంట్లో వంట. ఆ ఇంట్లో లేనిది వీధి సర్దాలి. అది పేట కట్టుబాటు.

మొదటి మూడేళ్ళూ అవి వెళ్ళింది బానా కసుబ ఇంటికే. బానా కసుబ అంటే కసుబ వాళ్ళమ్మ, చర్చి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. లేసు గుడ్డలు కప్పిన సోఫాలు రెండున్నాయి ఆమెకి.

ఒక బుధవారం ఆమె ఎర్ర పుంజు కాళ్ళు కట్టేసి గేటు దగ్గరే నిలబడింది. అడుగులొచ్చాయి. గేటు ముందు కాసేపు ఆగాయి. ఆగి, ముందుకెళ్ళిపోయాయి. బొగ్గులమ్మే ముతాలె బస్తాలు దాటి, కుళాయి దాటి, వీధి చివర నంపుండు అవ్వ గుడిసెలోకి వెళ్ళాయి. లోపల ముక్కాలిపీట కిర్రుమంది.

వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది.

నంపుండు అంటే కవలల తల్లి. కవలలు పుట్టిన ఇంటి ముందు డప్పు కొట్టి పాత పాటలు పాడే హక్కు అలాంటి తల్లులకే ఉంటుంది. ఆ పాటలు ఎలాంటివంటే డప్పు కూడా సిగ్గుపడి మెత్తబడుతుంది. అప్పటికి నాలుగేళ్ళ కిందట, పాస్టరమ్మ ఇంకా రాకముందు, ఒక ఆదివారం, సరిగ్గా చర్చి వదిలే వేళకి, అవ్వ పక్కింటి కవలలకి ఆ పాటలు పాడింది. సంఘం ఆమె పేరు సభ్యుల పట్టీలోంచి కొట్టేసింది. అప్పట్నుంచి చర్చి ఆడవాళ్ళెవరూ ఆ గుమ్మం తొక్కలేదు.

అవ్వకి రెండు నెలలుగా దగ్గు, తిండి సయించదు. చావంటే ఆమెకి భయం లేదు. కానీ పేరు కొట్టేసినవాళ్ళు పోతే సంఘం ఆడవాళ్ళు వచ్చి పాడరు. ఊళ్ళో ప్రతి కవలల పుట్టుకకీ పాడిన మనిషి పాట లేకుండా మట్టిలోకి వెళ్ళాలి. అదొక్కటే ఆమె దిగులు. అయినా ఈ వారంలోనే పోతానని, వానలు ముదిరితే గొయ్యి తవ్వేవాళ్ళకి కష్టమని ముతాలెకి చెప్పి పెట్టింది.

"దారి తప్పుంటాయి," అంది బానా కసుబ.

"అడుగులెక్కడ తప్పుతాయక్కా? తప్పించుకుంది నీ పుంజు," అంది ముతాలె.

ఎంత కోపమున్నా కట్టుబాటు కట్టుబాటే. అవ్వ ఇంట్లో గుప్పెడు పిండి కూడా లేదు. రేపు పాస్టరమ్మ పస్తుంటే కిట్వేవాళ్ళు వచ్చే ఈస్టరుదాకా దెప్పుతారు. పిండి, బొగ్గులు, గిన్నెలు, చీపుర్లు అన్నీ కదిలాయి. అందరికన్నా ముందు చంకలో పుంజుతో బానా కసుబ. గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాద ప్రకారం చప్పట్లు తట్టింది. నాలుగేళ్ళ తర్వాత తట్టిన చప్పట్లు, చేతులు సరిగా కలవలేదు.

చాప మీంచి అవ్వ తల తిప్పి చూసింది. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదవ్వా. రేపు పాస్టరమ్మ నీ ఇంటికొస్తోంది."

అవ్వ మోచేతి మీద లేవబోయింది. "రేపు ఇంటికి మనిషొస్తుంటే ఇవాళెలా చస్తాను? లేపండి నన్ను."

లేపారు. నీళ్ళు కాచి స్నానం చేయించారు, తల దువ్వారు, కప్పు కారే చోట ప్లాస్టిక్ పట్టా వేశారు. చీపురు పట్టినవాళ్ళు మొదట మాట్లాడుకోలేదు. అవ్వ వాళ్ళ ఊడ్పుకి వంకలు పెట్టడం మొదలెట్టాక అందరికీ మాటలొచ్చేశాయి.

మర్నాడు అదే వేళకి పాస్టర్ ఐకాండె వచ్చింది. సంకటి కలుపుతున్న ఆడవాళ్ళని, కొత్త గుడ్డ కట్టుకుని పీటల పెత్తనం చేస్తున్న అవ్వని చూసి గుమ్మంలోనే ఆగింది. అందరూ ఇక్కడ చేరారేంటని అడిగింది.

"మీ అడుగులు నిన్న ఇక్కడికేగా వచ్చాయి," అన్నారు.

"నేను కసుబ వాళ్ళమ్మ ఇంటికే వెళ్ళాను," అంది పాస్టరమ్మ. "గేటుకి తాళం వేసుంది. చివర్న పొగ కనిపించి, మీ నవ్వులు వినిపించి ఇటొచ్చాను."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెట్టు ముందా విత్తు ముందా అని అడగడానికి ముతాలె నోరు తెరిచింది గానీ, బానా కసుబ ఆమె పళ్ళెంలో ఇంత సంకటి ముద్ద పెట్టి ఆ నోటికి పని చెప్పింది.

కోడి కందనకాయ పెద్ద అతిథికి పోవాలి. బానా కసుబ దాన్ని పాస్టరమ్మ పళ్ళెంలో వేసింది. పాస్టరమ్మ దాన్ని తీసి అవ్వ పళ్ళెంలో పెట్టింది. అవ్వ దాన్ని చాలాసేపు నమిలింది, ఉన్న నాలుగు పళ్ళతో.

"ఈమె పేరు పట్టీలో ఎప్పుడూ చూడలేదే," అంది పాస్టరమ్మ.

"రాసేవాళ్ళు మర్చిపోయుంటారు," అంది బానా కసుబ.

"రాసేదెవరు?"

"నేనే."

ఆ మధ్యాహ్నమే పేరు మళ్ళీ ఎక్కింది, మొదటి పేజీలో, కొంచెం వంకరగా. తర్వాత పాస్టరమ్మ ఆ పాటలేమిటో వినిపించమంది. అవ్వ ఒకటి పాడింది. పాస్టరమ్మకి మా భాష సగమే అర్థమైంది. ఆ సగానికే కళ్ళు తుడుచుకుని తుడుచుకుని నవ్వింది. తమ కొండ మీద పెళ్ళిళ్ళలో ఇంతకన్నా అన్యాయంగా పాడతారని చెప్పి కిట్వే బస్సుకి బయల్దేరింది, టప్పు, జర్రు.

ఆ తర్వాత ఏ బుధవారమూ అడుగులు బానా కసుబ గేటు దగ్గర ఆగలేదు. నేరుగా వీధి చివరికే. అవ్వ పోతే పాడే ఆడవాళ్ళు ఇప్పుడు నలభైమంది ఉన్నారు. ఏ పాట ముందో ఏది వెనకో కూడా అవ్వే వరస చెప్పి పెట్టింది. వాళ్ళు నేర్చుకుని మూడేళ్ళు కావస్తోంది.

ప్రతి సోమవారం అవ్వ చాప పరుచుకుని, ఈ వారం పోతానంటుంది. బుధవారం రోడ్డు మీద టప్పు, జర్రు వినిపించగానే లేచి కూర్చుని, చీపురెక్కడుందే అని కేకేస్తుంది.