నీలం డబ్బాలో టమాటా మొక్క

ఏమోయ్, చెవుల్లో వైర్లు పెట్టుకుని వింటున్నట్టు నటించేవాడా! గిట్టనివాణ్ణి ఫోన్లో ఒక్క నొక్కుతో మాయం చేసి, పీడ వదిలిందని కాళ్లు చాపుకుంటావు కదూ? జర్మనీలో మా లైప్‌జిగ్ ఊళ్లో గెర్నోట్ కూడా అలాగే చాపుకున్నాడు. విను.

పొద్దున్నే ట్రాముల షెడ్డుకు బయల్దేరే ముందు, సంఘం అద్దెకిచ్చిన చిన్న తోటలోని చెక్కగదిలో కూర్చుని అతను తన చావడి చూసుకుంటున్నాడు. చావడి అంటే తోటలవాళ్ల కబుర్ల కోసం అతను నడిపే చిన్న సర్వర్. ఇలాంటి సర్వర్లన్నీ కలిసిన అల్లికకు ఒక్క యజమాని అంటూ లేడు. ఎవరి చావడి వారిది, చావడికీ చావడికీ మధ్య తలుపులు. గ్రీజు మరక వదలని బొటనవేలితో తెరను పైకి తోశాడు. ట్రౌడె బామ్మ ఇవాళ కూడా పలకరించలేదు. వారమంతా ఇంతే.

"బామ్మా, కులాసాయేనా? మొక్క కాసిందా?" అని రాసి, కాఫీ అడుగంటా తాగి లేచాడు.

పక్క తోట ఎకార్ట్‌ది. ఇద్దరూ ఒకే షెడ్డులో ట్రాముల కింద పడుకుని చక్రాలు బాగుచేస్తూ ముసలివాళ్లయ్యారు. ఎకార్ట్ ముందే పింఛను తీసుకుని పని మానేశాడు. మా తోటల్లో కంచెమొక్కలు గుండెల ఎత్తు దాటకూడదు, పక్కవాడి మొహం కనిపించాలి. ఆ కంచె మీదుగానే ఏళ్ల తరబడి కాఫీ కప్పులు అటూ ఇటూ తిరిగాయి. ఇప్పుడది మనిషి తల దాటింది. తోట సంఘంవాళ్లు తిట్టినా ఎకార్ట్ కత్తెర పట్టలేదు.

ఎకార్ట్‌కీ ఒక చావడి ఉండేది. "ఎవడి నోరూ నొక్కను. పాత తూర్పు జర్మనీ సర్కారు చేత నొక్కించుకున్నది చాలు" అనేవాడు. దాంతో నోటికి హద్దు లేనివాళ్లంతా అక్కడ చేరారు. వియత్నాం నుంచి వచ్చిన పూలకొట్టు థూయ్ గెర్నోట్ చావడిలో తన కొత్తిమీర మడి బొమ్మ పెడితే చాలు, అక్కణ్ణుంచి వచ్చి "మీ దేశం పో" అంటూ బురద చల్లేవారు. వాళ్లను వెళ్లగొట్టమని గెర్నోట్ బతిమాలాడు. ఎకార్ట్ వినలేదు. థూయ్ ఇక రానంది. నిరుడు వసంతంలో గెర్నోట్ ఆ చావడి వైపు తలుపు మొత్తంగా మూసేశాడు.

"ఇది నోరు నొక్కడం కాదట్రా, గూఢచారి వెధవా?" అని కంచె మీద నుంచి అరిచాడు ఎకార్ట్.

"నీ నోరు నీ దగ్గరే ఉందిగా, అరుచుకో. నేను మూసుకున్నది నా తలుపు."

"వాళ్లతో పాటు నన్నూ బయట పడేశావు కదరా!"

గెర్నోట్ కప్పు తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే ట్రౌడె బామ్మ చావడిలో చేరింది. మోకాళ్ల నొప్పులట, ఎక్కడికీ కదల్లేదట. "నీ మొక్కలకి నీళ్లెక్కువ, నీకు బుద్ధి తక్కువ నాయనా" అని రోజూ దెప్పేది. ఆ దెప్పుడు లేకపోతే అతనికి పొద్దు పొడిచినట్టుండేది కాదు. ఈ ఏడు మే నెలలో బామ్మ కోసం దోసకాయల ఊరగాయ డబ్బాకు నీలం రంగేసి, టమాటా నారు నాటి, షెడ్డు నుంచి తెచ్చిన ఎర్ర వైరుతో పుల్లకు కట్టి సంఘం అరుగు మీద పెట్టాడు. మనవడొచ్చి తీసుకెళ్లాడని రాసింది.

ఒకసారి అడిగింది, "నువ్వు బయట పెట్టినవాణ్ణి ఎప్పుడైనా తలుచుకుంటావా?"

"వాడికి నోరెక్కువ బామ్మా. కానీ కాఫీ వాడే పెట్టాలి."

"సరే అయితే. పడుకో."

సాయంత్రం పని నుంచి వచ్చేసరికి తోట గేటు దగ్గర థూయ్ నిలబడి ఉంది.

"ఎకార్ట్ గారు పోయారండీ, నిన్న. వారం నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నారట. వాళ్ల చెల్లెలు దండకి చెప్పడానికి మా కొట్టుకొచ్చింది."

గెర్నోట్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. "దండ నువ్వే కడుతున్నావా?"

"నేనే. ఆయన ఒక్కమాట అనలేదుగా నన్ను. అనేవాళ్లని ఆపలేదు, అంతే." కంచెకేసి చూసింది. "తోట ఎండిపోతోందండీ. కాసిని నీళ్లు పోయరాదూ?"

నీళ్లడబ్బా పట్టుకుని కంచె చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాడు. గేటుకు తాళం లేదు, ఏనాడూ లేదు. గది ముందు బల్ల మీద బోర్లించిన కప్పులు రెండు. వాటి పక్కనున్నది చూసి, నీళ్లడబ్బా కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

"దొంగ వెధవా," అన్నాడు నవ్వబోయి. "మోకాళ్ల నొప్పులా నీకు?"

బల్ల మీద నీలం డబ్బా. ఎర్ర వైరు కట్టిన పుల్లకు ఆనుకుని వాడిన టమాటా మొక్క, దాని మీద కోయకుండా ఉంచిన ఒక్క పండు.